ఎదురు మూల నీళ్ళు

ఊళ్ళో అందరూ ఆయన్ని అల్లుడుగారనే పిలుస్తారు గానీ, ఆయనకు పిల్లనిచ్చిన మామంటూ ఎవరూ లేరు. అసలు పెళ్ళే చేసుకోలేదు. ఆ పేరు బాక్సింగు రింగులో వచ్చింది.

ఓటమి ముఖం ఎరగని రోజులవి. ఒక పెద్ద పోటీ మధ్యలో, రౌండు అయిపోయిందని గంట కొట్టగానే, ఆయన తన మూలకు పోకుండా తిన్నగా అవతలివాడి మూలకు నడిచి, వాడి కోసం వేసిన స్టూలు మీద దర్జాగా చతికిలబడ్డాడు. నోరు తెరిచి వాడి మనిషి చేత నీళ్ళు కూడా పట్టించుకున్నాడు. అవతలివాడు పాపం తన స్టూలు ముందు తానే చుట్టపుచూపుగా వచ్చినవాడిలా నిలబడిపోయాడు. “చూడండి, అత్తారింటికొచ్చిన కొత్తల్లుడు మర్యాదలెలా చేయించుకుంటున్నాడో!” అని రేడియోలో వ్యాఖ్యాత అరిచాడు. హాలంతా గొల్లుమంది. ఆయన లేచి, నవ్వుతూ చెయ్యెత్తి, తన మూలకు వచ్చాడు. ఆ పోటీ గెలిచాడు కూడా. గెలిచిన కొద్దిరోజులకే, ఇక ఆడనని చెప్పేశాడు.

“అంత ఊపులో ఉండగా ఎందుకు మానేశారండీ?”

అప్పట్నుంచీ ఇదే ప్రశ్న. క్షవరానికి వెళితే మంగలి అడుగుతాడు. పన్ను నొప్పని వెళితే పళ్ళ డాక్టరు నోట్లో పనిముట్లు పెట్టి మరీ అడుగుతాడు, జవాబు చెప్పే వీలు లేకుండా. ఎవరికో ఒకసారి, ఎలాగైనా వదిలించుకుందామని, “కడుపు నిండకముందే లేచినవాడికే భోజనం రుచి గుర్తుంటుంది” అన్నాడు. ఆ మాట పట్టుకుని ఊరు ఊగిపోయింది. మాస్టారు దాన్ని జిమ్ము గోడ మీద జానెడేసి నీలం అక్షరాలతో రాయించాడు. కింద అల్లుడుగారి బొమ్మ. బొమ్మలో మీసం ఒకవైపు కాస్త కిందికి దిగింది, అంతే తేడా.

మాస్టారంటే ఆ జిమ్ము నడిపేవాడు. ఒకప్పుడు అల్లుడుగారి మూలలో తువ్వాలు పట్టుకుని నిలబడినవాడే. ఆట మానేశాక అల్లుడుగారు శిక్షణ ఇవ్వనన్నాడు. “నేర్పేంత నాకేం తెలుసోయ్, చేతులకు బ్యాండేజీ చుడతా, గుద్దే బ్యాగులు నింపుతా, చాలు” అన్నాడు. టైర్ల గోడౌను పైన, రేకుల కప్పు కింద, రబ్బరు వాసనలో ఆయనకు రోజులు అలాగే వెళ్ళిపోయాయి. ఆయన అక్క కూతురు మాత్రం మొండిది. చిన్నప్పుడే వచ్చి ఆయన ముందు రెండు చేతులూ చాపింది. “చుట్టు మావయ్యా.” ఆ చేతులకు ఆనాటి నుంచీ బ్యాండేజీ చుడుతున్నది ఆయనే. ఇప్పుడా చేతులు ఎదురులేనివి. నిన్నటితో ఛాంపియన్ బెల్టు మళ్ళీ దానిదే.

నిన్న జరిగిందే ఆయన్ని పొద్దున్నించీ కుదురుగా ఉండనివ్వడం లేదు.

పోటీల్లో ఆయన పని చిన్నది. గంట కొట్టగానే తాళ్ళ మధ్యనుంచి స్టూలు లోపల పెట్టాలి, నీళ్ళ సీసా అందించాలి. ఆ నీళ్ళ దగ్గర ఆయనకొక చాదస్తం ఉంది. చల్లటివి ఇవ్వడు. వేడెక్కిన ఒంట్లోకి చల్లనీళ్ళు దిగితే కడుపు పట్టేస్తుందంటాడు. “మావయ్య నీళ్ళు తాగడానిక్కాదు, తలంటుకోవడానికి” అని మేనకోడలు జిమ్మంతా టాంటాం చేసింది. ఎవరెంత నవ్వినా ఆయన సీసా మాత్రం ఫ్రిజ్జులో కాక గదిలో పెట్టిందే.

నిన్న రౌండు ఇంకాసేపట్లో ముగుస్తుందనగా అవతలి పిల్ల ఎడమచేతి గుద్దొకటి దీని చెవిపైన తగిలింది. పడలేదు. తూలలేదు కూడా. గంట కొట్టారు. ఆయన తమ ఎర్ర మూలలో స్టూలు పెట్టి, సీసా మూత తీసి తలెత్తేసరికి పిల్ల లేదు. తిన్నగా అవతలివాళ్ళ నీలి మూలకు వెళ్ళి అక్కడి స్టూలు మీద కూర్చుంది.

హాలు దద్దరిల్లింది. “కొత్త కోడలు! కొత్త కోడలు!” అని కేకలు. రెఫరీ నవ్వాడు. రింగు పక్కనున్న డాక్టరైతే బల్ల చరిచి మరీ నవ్వాడు. మాస్టారు ఆయన భుజం మీద గుద్ది, “చూశావా, మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది!” అన్నాడు. పిల్ల కాసేపటికి అటూ ఇటూ చూసి, నవ్వి, చెయ్యి పైకెత్తి, తన మూలకు వచ్చి కూర్చుంది. “ఎలా ఉంది మావయ్యా!” అని కన్నుగీటింది. తర్వాత రౌండులోనే ఆట ముగించేసింది.

అందరూ నవ్వు చూశారు. ఆయన నోరు చూశాడు. నీలి మూలలో కూర్చోగానే పిల్ల నోరు తెరిచింది, పళ్ళ మీది మౌత్‌గార్డు తీయమని, పక్షిపిల్లలా. హాస్యమాడేవాళ్ళు జనాన్ని చూస్తారు. నీళ్ళ కోసం నోరు తెరవరు.

ఆ సంగతి ఆయనకు తెలుసు. ఎందుకంటే ఆనాడు ఆయనా అలాగే తెరిచాడు.

*

పొద్దున అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క నోట్లో నువ్వుగింజ నానదు. తలుపు తీస్తూనే మొదలెట్టింది.

“రావయ్యా అల్లుడూ, రా! దానికి బుద్ధులన్నీ నీవే. చిన్నప్పుడు నీ ఒళ్ళో వేసుకుని ఆడించకురా అంటే విన్నావా?”

“లేచిందా?”

“ఎక్కడ! కిటికీ తెర తీస్తే ఇంతెత్తున లేచింది. వెలుగు గుచ్చుకుంటోందట. మహారాణి గారు!” అక్క ఫోను తెచ్చి నిన్నటి వీడియో మళ్ళీ పెట్టింది. “ఇదిగో ఇక్కడ చూడు, ఆ పిల్ల మొహం! పాపం, స్టూలు పోయి దిక్కులు చూస్తోంది.” పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. “నీకేంరా అలా ఉన్నావు? చద్దిమొహం వేసుకుని.”

“నిద్ర చాల్లేదు.”

“పోయి కాసేపు పడుకో. ఇవాళ టీవీ వాళ్ళొస్తున్నారటగా. మొహం కడుక్కుని దువ్వుకో. పోయినసారి జుట్టు కాకి గూడులా కనపడింది, నాకెంత నామోషీగా ఉందో.”

ఆయన లోపలి గది గుమ్మం దాకా వెళ్ళాడు. చీకట్లో పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. దుప్పటి తలమీదికి లాక్కుంది. అరటిపండు తొక్కొకటి మంచం పక్కన పళ్ళెంలో, పండు సగం తిన్నది. ఆయన పిలవలేదు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వచ్చేశాడు.

ఆ వెలుగు గుచ్చుకోవడం ఆయన ఎరిగినదే. ఆ పోటీ మర్నాడు తను కూడా కిటికీకి దుప్పటి కట్టుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు గదిలోకి వెళ్ళి ఎందుకొచ్చానా అని నిలబడిపోయేవాడు. ఎవరితోనూ అనలేదు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది.

దారంతా ఆనాటి ముసలాయన గుర్తొచ్చాడు. అవతలివాడి మూలలో నీళ్ళు పట్టే మనిషి. ఎండిన చేతులు, అరచేతుల నిండా ఏదో నొప్పుల మందు ఘాటు వాసన. ఆ వాసన ముక్కుకు తగిలాకే అల్లుడుగారికి స్పృహ వచ్చింది, ఇవి మనవాళ్ళ చేతులు కావని. ముసలాయన విసుక్కోలేదు. తోసెయ్యలేదు. శత్రువనుకోకుండా మౌత్‌గార్డు తీసి, కడిగి, మళ్ళీ పెట్టి, కంటి మీది చెమట తుడిచి, చెవిలో మెల్లగా అన్నాడు. “మీవాళ్ళు ఎదురు మూలలో ఉన్నారు నాయనా. లే. నవ్వుతూ వెళ్ళు.”

నవ్వుతూ వెళ్ళాడు. ముసలాయన ఆ మాట పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. చెబితే తనవాడికి ఎంత పేరొచ్చేదో, అయినా చెప్పలేదు. ఆ దయను అల్లుడుగారు ఇప్పటికీ మరవలేదు. కానీ నిన్న సాయంత్రం నుంచి ఆ దయలోనే ఏదో ముల్లు గుచ్చుకుంటోంది. ఆనాడు తను నవ్వకపోయి ఉంటే, నిన్న ఎవరో ఒకరు, రెఫరీ గానీ ఆ డాక్టరు గానీ, కంగారుపడి లేచి ఉండేవారు. తన నవ్వు చూసి నేర్చుకున్నారు కాబట్టే వాళ్ళు నవ్వారు.

*

జిమ్ములో మూలనున్న బ్యాగు కిందికి జారిపోయింది. లోపల కుక్కిన గుడ్డపేలికలు గుద్దులకు రోజురోజుకూ అడుగుకు దిగిపోతాయి. పైన డొల్ల, కింద రాయి. బయటినుంచి చూస్తే మాత్రం ఎప్పటి బ్యాగే. దాన్ని దింపి, పేలికలన్నీ నేలమీద కుమ్మరించి, చిక్కులు విడదీసి మళ్ళీ నింపడం మొదలెట్టాడు.

మాస్టారు ఈల వేసుకుంటూ వచ్చాడు. “ఏమోయ్ అల్లుడూ! టీవీ వాళ్ళకి నీ ఒక్కడి కథే కావాలట మొదట్లో. మంచి ఊపులో ఉండగా మానేసిన బాక్సర్ల మీద ఏదో కార్యక్రమమట. నిన్న పిల్ల చేసిన పనికి ఇప్పుడిద్దరూ కావాలంటున్నారు. మానేసిన మామ, దున్నేస్తున్న కోడలు. ఎలా ఉంది పేరు? నేనే పెట్టాను.”

“బాగుంది.”

“అన్నట్టు పై పోటీ కూడా ఖాయం చేసేశా. అవతలిది చెయ్యి బరువున్న మనిషే గానీ, మనదాని ముందు ఎంత!”

“అప్పుడేనా? కాస్త ఊపిరి తీసుకోనివ్వవయ్యా.”

“ఇనుము ఎర్రగా ఉన్నప్పుడే కదయ్యా సుత్తి వెయ్యాలి. నువ్వు నీళ్ళు కాచుకో చాలు.” మాస్టారు నవ్వుకుంటూ గోడ మీది అక్షరాల దుమ్ము దులపడానికి నిచ్చెన వేశాడు.

సాయంత్రానికి పిల్ల వచ్చింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది. జిమ్ములో ఉన్నవాళ్ళంతా లేచి చప్పట్లు కొడితే, చెయ్యూపి, చప్పట్లు ఆగేదాకా గోడకు ఆనుకుని నిలబడింది. అలవాటుగా వచ్చి ఆయన ఎదురుగా బెంచీ మీద కూర్చుని చేతులు చాపింది.

“చుట్టు మావయ్యా. కెమెరాకి బ్యాగు కొట్టి చూపించాలట.”

ఆయన బ్యాండేజీ చుట్ట విప్పాడు. దాని కొసనున్న ఉంగరం బొటనవేలికి వేసి, మణికట్టు చుట్టూ తిప్పి, అరచేతి మీదుగా వేళ్ళ సందుల్లోకి. ఆ చేతిని ఎరిగినంతగా ఆయన తన చేతిని ఎరగడు. ఇవాళ అది వేళ్ళు చాపడం మరిచిపోతే ఆయనే ఒక్కొక్కటీ విడదీశాడు.

“నిన్న భలే చేశావని అందరూ అంటున్నారు” అన్నాడు.

“నీ పేరు నిలబెట్టా కదా!” అంది. నవ్వింది గానీ, ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

“ముందే అనుకున్నావా?”

“ఎప్పుడో ఒకప్పుడు చెయ్యాలనుకున్నా.”

“నిన్న అనుకున్నావా అని అడుగుతున్నా.”

పిల్ల కళ్ళద్దాలు సర్దుకుంది. ఆయన చుట్టడం ఆపలేదు. కళ్ళు చేతి మీదే పెట్టుకుని, పక్కింటివాళ్ళ సంగతేదో చెబుతున్నట్టు అన్నాడు.

“నాది హాస్యం కాదమ్మడూ.”

“ఏది?”

“ఆ స్టూలు. నా మూల ఏదో నాకు తెలీలేదు. అదే నా మూలనుకుని కూర్చున్నా.”

పిల్ల కిసుక్కుమంది. ఆయన నవ్వలేదు. పిల్ల కళ్ళద్దాలు తీసి ఆయన మొహం చూసింది. చూసి చూసి, మాస్టారు దగ్గర్లో ఉన్నాడా అని ఒకసారి చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

“మరి ఇన్నాళ్ళూ...”

“అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. తర్వాత అదే బాగుందనిపించింది. బుర్ర చెదిరినవాడనిపించుకోవడం కంటే చమత్కారి అనిపించుకోవడం మేలు కదా. ఆడితే మళ్ళీ అలా అవుతుందని భయం. మానేశా. ఆ గోడ మీది మాటలో భోజనమూ లేదు, రుచీ లేదు. భయం తల్లీ. అంతే.”

వీధిలో ఎవరో గోడౌనులోకి టైర్లు దొర్లిస్తున్న చప్పుడు. పిల్ల సగం చుట్టిన చెయ్యి తిప్పి చూసుకుంది.

“చల్లగా ఉన్నాయి మావయ్యా” అంది.

“ఏంటి?”

“నీళ్ళు. నిన్న. నోట్లో పడగానే చల్లగా తగిలాయి. ఇవి మావయ్య నీళ్ళు కావే అనుకున్నా. అప్పుడు తలెత్తి చూశా. నువ్వు అంత దూరంలో సీసా పట్టుకుని నిలబడి ఉన్నావు.” దాని గొంతు చిన్నపిల్ల గొంతయిపోయింది. “వాళ్ళంతా నవ్వుతున్నారు. నేనూ నవ్వా.”

ఆయన సగం చుట్టిన బ్యాండేజీని కొసనుంచి విప్పడం మొదలెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి, అరచేతి మీదుగా, మణికట్టు చుట్టూ, బొటనవేలి ఉంగరం దాకా. పిల్ల ఆపలేదు. రెండో చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది.

“మాస్టారు పోటీ ఖాయం చేసేశాడు” అంది.

“ఖాయం చేసినవాడే రద్దూ చేస్తాడు. ముందు మంచి డాక్టరుకి చూపిద్దాం. నిన్న బల్ల చరిచిన ఆయనకి మాత్రం కాదు.”

ఈసారి పిల్ల నిజంగానే నవ్వింది. ఆ వెంటనే కళ్ళు నిండాయి. “ఇంకా ఏమీ ఆడనే లేదు మావయ్యా నేను. ఇప్పుడే కదా.”

“అవును” అన్నాడు. అంతకంటే మెత్తటి మాట ఆయన దగ్గర లేదు. ఇప్పుడే కదా అనే మాట ఆయన కూడా చాన్నాళ్ళు లోపల మోసినదే. అదేమీ తగ్గదు. బరువు అలవాటవుతుంది.

“వాళ్ళడిగితే ఏం చెప్పను? నీ భోజనం మాట నాక్కూడా కాస్త పెట్టు.”

“అది పాచిపోయిందమ్మా” అన్నాడు. “ఇంకెవరికీ వడ్డించను.”

*

టీవీ వాళ్ళు వచ్చి దీపాలు పెట్టారు. పిల్లకు మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకోక తప్పలేదు. ప్రశ్నలడిగే అమ్మాయి చలాకీగా ఉంది. అల్లుడుగారిని గోడ బొమ్మ కింద, సరిగ్గా ఒక స్టూలు మీద కూర్చోబెట్టింది. మాస్టారు కెమెరా వెనక చేతులు కట్టుకుని పెళ్ళిపెద్దలా నిలబడ్డాడు. అక్క కూడా వచ్చింది, ఆయన జుట్టు చూసుకోవడానికి.

“అల్లుడుగారూ, అందరికీ తెలిసిన ప్రశ్నే. అంత ఊపులో ఉండగా ఎందుకు మానేశారు?”

ఎన్నేళ్ళుగానో అదే జవాబు నాలుక చివర కాపలా కాస్తోంది. దాన్ని తోసుకుని మరో మాట రావడానికి కొంత సమయం పట్టింది.

“నాకు నా మూల ఏదో తెలీలేదమ్మా. అందుకు.”

అమ్మాయి పకపకా నవ్వింది. కెమెరా పట్టుకున్నతను నవ్వు ఆపుకోలేక భుజాలు కదిలించాడు. “అల్లుడుగారు అల్లుడుగారే! ఇంత వయసులోనూ చమత్కారం వదల్లేదు చూశారా!”

“చమత్కారం కాదు. ఆ రోజు దెబ్బ తగిలి ఎక్కడున్నానో తెలీక వాళ్ళ స్టూలు మీద కూర్చున్నా.”

ఇంకా నవ్వారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనకు ఎక్కడలేని అలసట వచ్చింది. నిజం చెప్పడం ఇంత పని అవుతుందనుకోలేదు. మూడోసారి చెప్పే ఓపిక ఉందో లేదో తెలియక దీపాల వెలుగులోకి చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు పిల్ల కళ్ళద్దాలు తీసేసి, వెలుగుకు కళ్ళు చికిలిస్తూ వచ్చి, ఆయన పక్కన నేల మీద కూర్చుంది. చేతులకు బ్యాండేజీ లేదు.

“నాకూ తెలీలేదు” అంది. “నిన్న.”

నవ్వు ఆగింది. ఒక్కసారిగా కాదు. ముందు అక్క నవ్వు ఆగింది. తల్లి కదా. కొంగు నోటి దగ్గరే ఉండిపోయింది, కళ్ళు మాత్రం పొద్దున్నించీ చూసిన కిటికీ తెరనీ, సగం తిన్న పండునీ వెనక్కి వెళ్ళి వెతుక్కుంటున్నాయి. తర్వాత మాస్టారి చేతులు విడిపోయాయి. ఆయన గోడ వైపు చూశాడు, అల్లుడుగారి వైపు చూశాడు.

“నేను నీ మూలలోనే ఉన్నాను కదయ్యా” అన్నాడు. “తువ్వాలు నా చేతిలోనే ఉంది. నేను నవ్వాను.”

“అందరూ నవ్వారు లేవోయ్.”

“నిన్న కూడా నవ్వాను.” మాస్టారు ఫోను తీసి, కళ్ళజోడు కోసం జేబులు తడుముకుంటూ మెట్లవైపు నడిచాడు. పోటీ వాళ్ళకో డాక్టరుకో, ఎవరికి ముందు చెయ్యాలో తేల్చుకోలేక మెట్టు మీద ఆగాడు. “తలకి చూసే డాక్టరు ఎవరైనా తెలుసా మీకెవరికైనా?” అని అక్కడినుంచే అడిగాడు. కెమెరా పట్టుకున్నతను మెల్లగా, తెలుసండీ, మా అన్నకు చూసినాయన ఉన్నారు అన్నాడు.

అక్క వచ్చి కూతురి తల తన పొట్టకు ఆనించుకుంది. వెలుగు పడకుండా కొంగు దాని కళ్ళమీద కప్పింది. ఆమె నోటికి మాట రాకపోవడం తమ్ముడు మొదటిసారి చూశాడు.

ప్రశ్నలడిగే అమ్మాయి చేతిలో కాగితాలు అలాగే ఉన్నాయి. తర్వాత ఏమడగాలో అందులో లేదు కాబోలు, పెదాలు తడుపుకుంది. “సారీ అండీ” అంది. “నేను... నవ్వాను.”

అల్లుడుగారు స్టూలు మీంచి లేచి, కిటికీ గట్టు మీదున్న తన సీసా తెచ్చి, మూత తీసి ఆ అమ్మాయికి అందించాడు.

“తాగమ్మా” అన్నాడు. “చల్లగా ఉండవు మరి.”